కొలిచి వడ్డించుట పిసినారితనమా?



ఆత్మీయ విషయములు వ్రాయవలసిన చోట అన్నము సంగతి వ్రాస్తున్నారేమిటని కొందరికి తోచవచ్చును. మా మట్టుకు మాకు అన్నము ఆత్మీయ విషయమే. ప్రభువు నేర్పిన ప్రార్థనలో అనుదినాహారమును గూర్చిన మనవి పాపక్షమాపణను గూర్చిన మనవి కంటె ముందు వచ్చినది. అది ఊరకనే జరిగినదని మేము అనుకొనము.

సంగతి ఏమనగా, ఈ రోజులలో పత్రికలలోను, ఆరోగ్య శిబిరములలోను, సెల్‌ఫోన్లలోను ఒక పళ్ళెం బొమ్మ కనబడుతున్నది. గుండ్రని పళ్ళెమును భాగములు చేసి, రోజుకు ధాన్యము ఇంత, పప్పు ఇంత, కూరగాయలు ఇంత, పాలు ఇంత అని గ్రాములతో సహా చూపించినారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు తయారుచేసినది. దానిని గూర్చి మన సంఘములలో మాట్లాడబోతే వచ్చే జవాబు దాదాపు ఒకటే. "తూచి తినేది రోగులు, ఖైదీలు. మనకెందుకండీ?" అంటారు. తొరపాడి వారికి ఈ మాట బాగా అతుకుతుంది. మనకు ఒక ప్రక్క సెంట్రల్ జైలు, ఇంకొక ప్రక్క బాగాయంలో వైద్య కళాశాల. జైలులో అన్నము లెక్క ప్రకారమే, రోగి మంచము దగ్గరా లెక్క ప్రకారమే. ఆ రెండింటి మధ్య కాపురమున్న మనకు మాత్రము లెక్క లేదు.

నవ్వుకొని వదిలిపెట్టవచ్చును గాని, ఆ జవాబు వెనుక రెండు గట్టి అభ్యంతరములు ఉన్నవి. మొదటిది, అతిథికి కొలిచి పెట్టుట మన ఇండ్లలో అవమానము. కొసరి కొసరి వడ్డించుట ప్రేమ, ఒక గరిటెతో ఆపుట లోభము. రెండవది ఇంకా లోతైనది. మన తాతలు కడుపు నిండ తినక చనిపోయినారు. ఇప్పుడు దేవుడు నాలుగు మెతుకులు ఎక్కువ ఇచ్చినప్పుడు "అన్నము తగ్గించు" అని చెప్పుటకు ఎవరికి అధికారమున్నది? ఈ రెండవ దానిని తేలికగా కొట్టివేసేవారు ఆకలి ఎరుగనివారు. కనుక దానినే ఎక్కువగా ఆలోచించుదము.

ముందు ఆ బొమ్మ ఏమి చెప్పుచున్నదో సరిగా చూడవలెను. చూడకుండా వాదించేవారే మనలో ఎక్కువ. ఆ సంస్థ పుట్టినది మన తమిళదేశములోనే. 1918లో నీలగిరి కొండలలోని కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధిని విచారించుటకు ఒక చిన్న ప్రయోగశాల పెట్టినాడు. అదే పెరిగి, 1958లో హైదరాబాదుకు వెళ్ళినది. మనము తెలుగుదేశము నుండి ఇక్కడికి వచ్చినాము, అది ఇక్కడి నుండి అక్కడికి వలస పోయినది.

ఆ బెరిబెరి కథ మనవారు తెలిసికొనదగినది. బియ్యమును పచ్చిగానే మిల్లులో తెల్లగా పాలిష్ పట్టించి తినే కోస్తా తెలుగు జిల్లాలలో ఆ వ్యాధి ఎక్కువగా కనబడినది. వడ్లను ఉడకబెట్టి ఎండబెట్టి దంచిన ఉప్పుడు బియ్యము తినే తమిళులలో అంతగా లేదు. ఉడికేటప్పుడు పొట్టులోని సత్తువ కొంత గింజలోనికి దిగుతుంది, పాలిష్ పట్టినా అది పూర్తిగా పోదు. ఇక్కడ స్థిరపడి ఇన్నేండ్లయినా ఉప్పుడు బియ్యము చూస్తే ముఖము చిట్లించే తెలుగు ఇండ్లు మాకు తెలుసు. "ఆ వాసన మేము తినలేమండీ" అంటారు. రుచి ఎవరి ఇష్టము వారిది. కాని తెల్లదనమే గొప్పతనమనుకొనుటకు మన పూర్వులు ఒకసారి కాళ్ళు చచ్చుబడి వెల చెల్లించినారన్న సంగతి మరువకూడదు.

ఈ సంస్థవారు భారతీయులకు ఆహార సూచనలు మొదట 1998లో ప్రకటించినారు, 2011లో సవరించినారు, మళ్ళీ 2024 మే నెలలో 17 సూచనలతో క్రొత్తగా ఇచ్చినారు. 2000 కిలో కేలరీలు చాలు అనుకొనే మనిషికి రోజు మొత్తము మీద ధాన్యము సుమారు 250 గ్రాములు, పప్పులు లేక మాంసము వంటివి 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, వేరుశనగ వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. మన శక్తిలో ధాన్యము వలన వచ్చేది 45 శాతము మించకుండుట మంచిదంటారు. ఇప్పుడు మన దేశములో అది 50 నుండి 70 శాతము దాకా ఉన్నదట.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, చాలామంది అక్కడనే బొమ్మను ప్రక్కన పెడతారు. ఆ గ్రాములు వండక ముందటి తూకము. మన పళ్ళెములో పడేది వండిన అన్నము. వండితే బియ్యము రెండున్నర, మూడు రెట్లు బరువవుతుంది. 2011 నాటి పుస్తకములో ధాన్యమునకు ఒక వంతు అంటే 30 గ్రాములు. అది వండితే ఒక చిన్న గిన్నెడు అన్నము. అంటే 250 గ్రాములు రోజుకు ఇంచుమించు ఎనిమిది చిన్న గిన్నెలు. ఉదయము తిన్న ఇడ్లీ, దోసె, ఉప్మా కూడ ఆ ఎనిమిదిలోనివే. మన అన్నపు హస్తము ఒకసారి కుండలోనికి వెళ్ళి వస్తే ఎన్ని గిన్నెలు వస్తవో ఎవరి ఇంట వారు ఒకసారి కొలిచి చూడవచ్చును. త్రాసు అవసరము లేదు, చిన్న గిన్నె చాలును. గరిటెల భాషలో చెప్పవలసిన దానిని గ్రాముల భాషలో చెప్పుట వలననే ఈ బొమ్మ చాలా ఇండ్ల గోడ దాటి వంటగది లోనికి రాలేదని మా అభిప్రాయము. బోధనా శిక్షణలో మాకు మొదట నేర్పినది అదే, పిల్లవాడికి తెలిసిన దానినుండి తెలియని దానికి వెళ్ళుము అని.

ఇంకొక మాట. ఈ కొలత అందరికీ ఒకటే కాదు. 2011 పుస్తకములో కూర్చుండి పనిచేసే పురుషునికి ధాన్యము 375 గ్రాములు వ్రాసి, కష్టమైన శరీరశ్రమ చేసేవానికి 600 గ్రాములు వ్రాసినారు. తోళ్ళ కర్మాగారములో రోజంతా బరువులు మోసే సహోదరునికి, బ్యాంకులో కూర్చుండే సహోదరునికి ఒకే గరిటె చెప్పుట శాస్త్రము కాదు, న్యాయమూ కాదు.

ఇక రెండవ అభ్యంతరమునకు వద్దము. పైవారు కొలత వేసినప్పుడు మనవారికి ఏమి జరిగినదో చరిత్రలో ఉన్నది. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో వచ్చిన మహా కరువు, తెలుగువారు ధాత కరువు అన్నది, మన బాప్టిస్టు సంఘముల జ్ఞాపకములో మొదటి పుట వంటిది. ఆ కరువులో 1877 ఆరంభమున సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి ఖర్చు తగ్గించుటకు వచ్చినాడు. అంతకు ముందు 1874లో బీహారు కరువులో బియ్యము ధారాళముగా తెప్పించి ప్రాణములు కాపాడినందుకు, దుబారా చేసినాడని నిందపడిన మనిషి ఆయనే. ఈసారి ఆ నింద రానీయలేదు. కరువు పనికి వచ్చిన పురుషునికి రోజుకు ఒకటిన్నర పౌను ధాన్యమునకు సరిపడు కూలిని ఒక పౌనుకు తగ్గించినాడు. పైన ఉప్పు మిరపకాయలకని ఒక చిన్న నాణెము. మద్రాసు ఆరోగ్య శాఖ అధిపతి డాక్టర్ కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించినాడు. ఈ కొలతతో మట్టి పని చేసేవాడు బ్రతకడని వైద్యుని లెక్కతో వాదించినాడు. ఆ సంవత్సరములోనే మద్రాసు ప్రభుత్వము ఆ కొలతను సడలించవలసి వచ్చినది. అప్పటికే ఎందరో పోయినారు.

అదే కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము గుత్తకు తీసికొని, మన మాల మాదిగ పల్లెల వారికి పని, కూడు చూపించినారు. గింజల కోసము మతములో చేరినారన్న మాట రాకూడదని ఆ కరువు సాగినంత కాలము బాప్తిస్మములు ఆపివేసినారు. పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2222 మంది బాప్తిస్మము పొందినారు. ఈ సంఖ్య మన ఆదివారపు బడి పిల్లలకు కూడ వచ్చును. ఇటు వేలూరు ప్రాంతములో అదే కరువులో, తరువాత ఈ ఊరి పెద్దాసుపత్రిని స్థాపించిన ఐడా స్కడర్ అమ్మగారు చిన్నపిల్లగా ఉండి, ఆకలిగొన్న పిల్లల చేతులలో రొట్టె ముక్కలు పెట్టినారని ఆమె జీవితచరిత్రలలో ఉన్నది. కనుక ఆకలి మనకు పుస్తకములలోని మాట కాదు. మన సంఘములు పుట్టిన నేల అది.

ఇప్పుడు చురుకైన పాఠకుడు ఒకరు మమ్ములను ఆపవచ్చును. "అయ్యా, టెంపుల్ దొర ఇచ్చిన ఒక పౌను అంటే 450 గ్రాములు. మీ హైదరాబాదు బొమ్మ 250 గ్రాములే అంటున్నది. అయితే ఎవరు పిసినారి?" మంచి ప్రశ్న. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఈ ప్రశ్నలోనే ఉన్నది.

టెంపుల్ కూలివాని పళ్ళెములో ధాన్యము తప్ప దాదాపు ఏమియు లేదు. పప్పు లేదు, పాలు లేవు, కూర లేదు, నూనె బొట్టు లేదు. పైగా రోజంతా గడ్డపారతో పని. బొమ్మలోని 250 గ్రాముల ప్రక్కన పప్పు, కూర, ఆకు, పెరుగు, పండు, గింజలు అన్నీ కూర్చుండి ఉన్నవి. ధాన్యము తగ్గినది మనిషికి తక్కువ పెట్టుటకు కాదు, మిగిలిన వాటికి చోటిచ్చుటకు. అంకె ఒక్కటే కొలత కాదు. దాని ప్రక్కన ఏమున్నదో అది కొలత.

ఇప్పుడు మన పళ్ళెము చూడండి. నడుమ కొండంత తెల్లన్నము. ప్రక్కన రెండు చెంచాల కూర, పైన చారు, అంచున ఊరగాయ, ఆఖరున మళ్ళీ అన్నమే, మజ్జిగతో. ఇది సమృద్ధి పళ్ళెమని మనము అనుకొంటున్నాము. నిజానికి ఇది కరువు పళ్ళెమే, పెద్దది చేసినది. అదే ధాన్యము, అదే ఉప్పు, అదే మిరపకాయ. కొండ మాత్రమే పెరిగినది. మన తాతలకు దొరకనిది అన్నము మాత్రమే కాదు. పప్పు, పాలు, గ్రుడ్డు, ఆకుకూర కూడ దొరకలేదు. వారి ఆకలిని గౌరవించుట అంటే వారి పళ్ళెమునే రెట్టింపు చేసి తినుట అని ఎందుకు అనుకోవలెను?

ఇది ఎట్లు జరిగినదో కూడ చెప్పవలెను, ఎందుకనగా ఇది తిండిపోతుతనము వలన జరిగినది కాదు. మా చిన్ననాట పల్లెలలో పేదలు తినునది జొన్న, సజ్జ, రాగి, కొర్ర. వరి అన్నము పండుగకు, పెండ్లికి, దొరల ఇండ్లలో. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము ఇచ్చినప్పుడు ఎన్నో ఇండ్లలో మొదటిసారి రోజూ వరి అన్నము ఉడికినది. ఇక్కడ తమిళనాడులో 2008లో కిలో రూపాయికి, 2011 నుండి కార్డుదారులకు ఉచితముగా బియ్యము ఇస్తున్నారు. అది గొప్ప మేలు. దానిని కించపరచేవారితో మేము ఏకీభవించము. పండుగ అన్నము దినదిన అన్నమైనది. అందుకే తెల్లన్నపు రాశి మనకు తిండి కాదు, పరువు. పరువును తగ్గించుమని చెప్పితే ఎవరికి కోపము రాదు? బొమ్మ గీసినవారు ఈ సంగతి ఎరిగి మాట్లాడితే వారి మాట ఇంకా త్వరగా చెవికెక్కేది.

కాని ఇంతలో రోగము వచ్చినది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు మధుమేహ పరిశోధనా సంస్థ కలిసి చేసిన సర్వే 2023లో ప్రకటించినారు. దేశములో 10 కోట్ల పైచిలుకు మందికి చక్కెర వ్యాధి, ఇంకొక 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప దగ్గర ఉన్నారు. మన ఆదివారపు ఆరాధనలో ప్రార్థన మనవులు వినండి. మోకాళ్ళు, రక్తపోటు, చక్కెర, కాలి పుండు, డయాలిసిస్. ఆ మనవులు చేసిన పెదవులే ఒక గంట తరువాత ప్రేమ విందులో "ఇంకొక గరిటె వేసుకోండి, ఒక్క రోజుకు ఏమీ కాదు" అంటున్నవి. పాస్టరు గారి సంగతి ఇంకా కష్టము. ఆయన సందర్శనమునకు బయలుదేరి సాయంత్రము లోపల ఎనిమిది ఇండ్లు తిరుగుతారు. ఇంటింట కాఫీ, రెండేసి చెంచాల చక్కెర. కాదంటే ఆ ఇల్లాలు నొచ్చుకొంటుంది, "మొన్న వాళ్ళింట త్రాగినారు గదా, మా ఇంట త్రాగరా?" అంటుంది. చెంచా 5 గ్రాములు చొప్పున లెక్క వేయండి. 80 గ్రాములు. రోజు మొత్తమునకు చక్కెర 25 గ్రాములు దాటవద్దని 2024 సూచన. బిస్కెట్లు, క్రిస్మసు దినములలో కేకు, కజ్జికాయలు మేము లెక్కలో వేయలేదు. ఆ తరువాత పాస్టరు గారి ఆరోగ్యము కొరకు ఉపవాస ప్రార్థన పెడతాము.

అప్పుడు మొదటి అభ్యంతరము మళ్ళీ లేస్తుంది. ప్రేమకు కొలత ఉండవచ్చునా? వాక్యము ఏమి చెప్పుచున్నది?

నిర్గమకాండము పదునారవ అధ్యాయములో మన్నా కథ అందరికి తెలిసినదే. ఆకాశమునుండి ఆహారము కురిపించుటకు శక్తి గల దేవుడు తలకు ఒక ఓమెరు అని కొలత పెట్టినాడు. దేవునికి కొరత వచ్చి కాదు. ఎక్కువ కూర్చుకొన్నవాని దగ్గర మిగిలిపోలేదు, తక్కువ కూర్చుకొన్నవానికి లోటు రాలేదు. ఈ కథ బోధించేటప్పుడు మనము సాధారణముగా మరునాటికి దాచిన దానికి పురుగులు పట్టిన సంగతి చెప్పి, దురాశ మీద ప్రసంగము ముగిస్తాము. కాని కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయములో పౌలు ఈ మన్నా కొలతను ఎత్తి చూపించినది వేరొక పనికి. యెరూషలేములోని బీదలకు చందా పోగుచేయుటకు. అంటే ఓమెరు అనేది నోరు కట్టుకొనుమనే కొలత కాదు, అందరికీ అందినదా అని చూచుకొనే కొలత. అదే కొరింథు సంఘములో, మొదటి పత్రిక పదునొకండవ అధ్యాయము ప్రకారము, ప్రభువు బల్ల దగ్గరనే ఒకడు ఆకలిగా కూర్చుండగా ఒకడు మితిమీరి త్రాగినాడు. అక్కడ కొలత లేకపోవుట ప్రేమ కాలేదు. సిగ్గు అయినది.

ఐదువేల మందికి ఆహారము పెట్టిన అద్భుతములో సమృద్ధి ఉన్నది గదా అంటారు. ఉన్నది. అందరూ తృప్తిగా తిన్నారు. కాని మార్కు సువార్త చూడండి, వారిని నూరేసి, ఏబదేసి మందిని పంక్తులుగా కూర్చుండబెట్టిన తరువాతనే వడ్డన. యోహాను సువార్తలో మిగిలిన ముక్కలు పారవేయక ఏరమని ఆజ్ఞ. మన విందులలో పంక్తి ఉన్నదా? మొదటి బంతిలో ఎవరు కూర్చుంటున్నారు?

ఈ ప్రశ్న దగ్గర కొంచెము ఆగవలెను. మన విందులలోను, మన ఇండ్లలోను మొదట పురుషులు, పిల్లలు, అతిథులు. వడ్డించిన స్త్రీలు ఆఖరున. అప్పటికి కూర గిన్నె అడుగంటుతుంది, మాంసపు ముక్కలు అయిపోతవి, గ్రుడ్డు ఉండదు, అన్నము మాత్రము మిగులుతుంది. చారు పోసుకొని, ఊరగాయ నంజుకొని లేస్తారు. అడిగితే "నాకు ఇదే ఇష్టమండీ" అంటారు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత ఉన్నదని తేలినది. ఒకే కుండనుండి, ఒకే ఇంటిలో, ఒకరికి చక్కెర వ్యాధి, ఒకరికి రక్తహీనత. కొసరి కొసరి వడ్డించిన ప్రేమ ఇటు ఎక్కువై, అటు తక్కువైనది. కొలత లేని వడ్డనలో అన్యాయము కనబడదు, ఎందుకంటే ఎవరికి ఎంత వెళ్ళినదో ఎవరూ చూడలేదు. మా దృష్టిలో ఆ పళ్ళెం బొమ్మకు ఉన్న అసలు విలువ ఇదే. అది ఇంటి యజమానికి "అన్నము తగ్గించు" అని చెప్పేటప్పుడే ఇల్లాలితో "నీకు పప్పు, గ్రుడ్డు, ఆకుకూర రావలసి ఉన్నది, ఏవి?" అని అడుగుతున్నది.

కొలత బలహీనునికి రక్షణ అని బడులలో పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. మధ్యాహ్న భోజనములో ప్రాథమిక తరగతుల పిల్లవానికి ధాన్యము 100 గ్రాములు, పై తరగతుల వానికి 150 గ్రాములు, పప్పు 20, 30 గ్రాములు, కూరగాయలు 50, 75 గ్రాములు అని కేంద్ర ప్రభుత్వ నియమము. ఆ అంకె కాగితము మీద ఉన్నది గనుకనే తక్కువ పెట్టినవారిని తల్లిదండ్రులు అడుగగలరు. అంకె లేకపోతే వంటవారి చేయి ఎటు వంగితే అటు. తమిళనాడులో బడి భోజనము 1956లో విస్తరింపజేసిన కామరాజ్ గారు, ముఖ్యమంత్రి అయిన 1954లో మన గుడియాత్తం ఉప ఎన్నికలోనే గెలిచి శాసనసభకు వెళ్ళినారని ఇక్కడి పిల్లలకు చెప్పదగిన సంగతి. 1982 జూలైలో ఎం.జి.ఆర్. గారు దానిని ఇంకా పెద్ద పథకము చేసినారు. ఆ పథకములలో తిని చదువుకొన్నవారు మన సంఘములలో ఉన్నారు. వారు తిన్నది కొలిచి పెట్టిన అన్నమే. అందుకు వారిని ఎవరూ అవమానించినట్లు అనుకొనరు.

టెంపుల్ కొలతకు, ఓమెరు కొలతకు తేడా ఇప్పుడు తేటగా కనబడుతుందని తలంచుచున్నాము. టెంపుల్ తాను ఆ ఒక పౌను తినలేదు. కొలత వేసినవాడు కొలతకు వెలుపల ఉన్నాడు. మన్నా ఏరుకొన్నప్పుడు మోషేకు కూడ ఓమెరే. కాబట్టి సంఘపు పెద్దలు ఎవరైనా ఈ పళ్ళెము సంగతి బోధించదలచితే ముందుగా తమ పళ్ళెము మార్చుకొనవలెను. పెద్దల బల్ల మీద వేరుగా ముక్కల గిన్నె పెట్టి, చిన్నవారికి మితము బోధించుట టెంపుల్ పని.

ఇందులో ఒక ప్రమాదము కూడ ఉన్నది, దానిని దాచము. కొలత తెలిసినవాడు ప్రక్కవాని విస్తరి వైపు చూచుట మొదలుపెడతాడు. "అన్నయ్యా, మీకు చక్కెర ఉన్నది గదా, ఆ లడ్డు ఎందుకు?" అని నలుగురిలో అనుట ఆరోగ్య బోధ కాదు, పరువు తీయుట. రోమీయులకు వ్రాసిన పత్రిక పదునాలుగవ అధ్యాయమంతయు తిండిని బట్టి సహోదరునికి తీర్పు తీర్చవద్దనుటకే వ్రాయబడినది. కొలత చెప్పవలసినది వంటగదిలో, వంటకము నిర్ణయించే రోజున, గరిటె కొనేటప్పుడు. విస్తరి ముందర కాదు.

కనుక మా మనస్సులో ఉన్నవి మూడు నాలుగు మాటలు మన సంఘముల ముందు పెట్టుచున్నాము. రాబోవు కోత పండుగ విందులకు వంట మాట్లాడుకొనేటప్పుడు, మనిషికి ఎంత బియ్యము అని మాత్రమే కాక, మనిషికి ఎంత కూర, ఎంత పప్పు అని కూడ అడుగవచ్చును. ఆంబూరు బిరియానీ అయినా సరే, ప్రక్కన ఉల్లిపాయ పెరుగు పచ్చడి పలుచగా నాలుగు చుక్కలు కాక, దోసకాయ, క్యారెట్టు చేర్చి నిండుగా పెట్టవచ్చును. అన్నము గరిటె చిన్నది, కూర గరిటె పెద్దది కొనవచ్చును. ఇప్పుడు తారుమారుగా ఉన్నవి. అడిగినవారికి మారు వడ్డించుటకు అభ్యంతరము లేదు, కష్టము చేసి వచ్చినవారికి తప్పక వడ్డించవలెను. అడుగనివారి మీద ఒత్తిడి వద్దు. ఒకసారి అడుగుట మర్యాద, మూడుసార్లు అడుగుట బలవంతము. పాస్టరు గారు వచ్చినప్పుడు మజ్జిగ ఇస్తే చాలునని స్త్రీల సమాజమువారు ఒక మాట అనుకొంటే ఏ ఇల్లాలికి చిన్నతనము ఉండదు. ఒక్క ఇల్లు అట్లు చేస్తే లోభము అంటారు గాని, అన్ని ఇండ్లు కలిసి చేస్తే అది కట్టుబాటు అవుతుంది.

చివరిది బంతి సంగతి. మొదటి బంతిలో వండినవారిని, వడ్డించే స్త్రీలను, విధవరాండ్రను, గర్భిణులను కూర్చుండబెట్టి, పెద్దలు, యౌవనస్థులు గరిటె పట్టవలెనని మా కోరిక. దీనికి ఒప్పుకోని పెద్దలు ఉన్నారు, వారి మాటలోను కొంత పస ఉన్నది. అలవాటు లేని చేతులతో వడ్డిస్తే సగము నేల పాలవుతుందంటారు, దూరమునుండి వచ్చిన అతిథులను నిలబెట్టుట ఎట్లా అంటారు. అతిథులను ఆ మొదటి బంతిలోనే స్త్రీల ప్రక్కన కూర్చుండబెట్టవచ్చును. వడ్డన నేర్చుకొనుట ఒక్క విందుతో అయ్యే పని కాదు గాని, మూడవ విందుకు వచ్చేస్తుంది. విందు తేదీ నిర్ణయించే కమిటీ కూటములోనే వడ్డించేవారి పేర్లు కూడ వ్రాసికొంటే బాగుండును, మొదట పెద్దల పేర్లు.